లిఫ్టుకున్న లెక్క మనిషికి లేదా?

ఎక్కడ చూసినా ఇదే తంతు. ఓ పసిబిడ్డ విషయంలో ఘోరం జరుగుతుంది. గోల మొదలవుతుంది. ఆ కుటుంబాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన సోషల్ వర్కర్ మీద మర్నాడే సస్పెన్షన్ వేటు పడుతుంది. ‘నిర్లక్ష్యాన్ని ఉపేక్షించేది లేదు’ అని పైవాళ్లు మైకు ముందు గంభీరంగా ప్రకటిస్తారు. సాయంత్రానికి ఆమె బల్ల మీది ఫైళ్లు పక్క బల్లల మీదికి చేరతాయి. 60 ఫైళ్లుంటే నలుగురికి తలా 15. ఆ నలుగురి దగ్గర అప్పటికే ఎన్నున్నాయో ఏ ఉత్తర్వులోనూ ఉండదు.

తప్పు చేసినవాళ్లను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. వెళ్లని ఇంటికి వెళ్లినట్టు రాస్తే అది తప్పే. విచారణ జరగాల్సిందే. కానీ ఆ విచారణ ఎప్పుడూ ఆమె బల్ల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? ఒక్క మనిషి చేతిలో 60 కుటుంబాలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది కదా. దాని మీద సంతకం ఎవరిది?

లెక్క వేద్దాం. కష్టమైన లెక్కేం కాదు. ఒక ఇంటికి వెళ్లి రావడానికి, పెద్దలతో మాట్లాడి, పిల్లను విడిగా కూర్చోబెట్టి పలకరించడానికి రెండు గంటలనుకుందాం. చూసింది రాయడానికి అరగంట. నెలకు ఒక్కసారి చొప్పున 60 ఇళ్లకు 150 గంటలు. రోజుకు 8 గంటలు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే ఉన్నవే 176 గంటలు. మిగిలిన 26 గంటల్లో కోర్టు వాయిదాలు, పోలీస్ స్టేషను, ఆస్పత్రి, బడి, రివ్యూ మీటింగులు, కంప్యూటర్లో ఎంట్రీలు, ఎడతెగని ఫోన్లు. ఏ కుటుంబాన్నయినా రెండోసారి చూడాలంటే ఇంకో కుటుంబాన్ని వదిలేయాలి. ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకుంటే మూడిళ్లు గల్లంతు. కూడికలు వచ్చిన ఎవరికైనా ఇది తెలుస్తుంది. ఫైళ్లు పంచినవాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసే పంచుతారు, తెలియనట్టు సస్పెండ్ చేస్తారు. మాకు ఒళ్లు మండేది ఇక్కడే.

వదిలేయక తప్పనప్పుడు ఎవరిని వదిలేస్తారు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. రోజూ ఫోన్ చేసి గొడవపడే కుటుంబానికి టైము దొరుకుతుంది. నోరెత్తని పిల్ల వంతు వెనక్కి పోతుంది. ప్రజలతో నేరుగా వ్యవహరించే ఉద్యోగులు పని తలకు మించినప్పుడు తమకు తామే ఇలాంటి వడపోతలు, దగ్గరిదారులు కల్పించుకుంటారని అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లోనే వివరించారు. ఫైలు తిరగేస్తే అది కళ్లకు కడుతుంది. మొదటి నెల రాతలో పేజీన్నర ఉంటుంది: పిల్ల ఎవరి వంక చూసి మాట ఆపేసింది, మోచేతి మీది మచ్చ గురించి అడిగితే తల్లి ఏం చెప్పింది, తలుపు వెనక నిలబడ్డది ఎవరు. ఆరో నెలకు అదే ఫైలులో ఒకే ఒక్క లైను: ‘పరిస్థితి సంతృప్తికరం’. పక్క ఫైలులోనూ అదే లైను. దాని కింది ఫైలులోనూ అదే. నెలనెలా ఆ లైను చదివి టిక్కు పెట్టిన పై అధికారికి ఒక్కసారైనా అనుమానం రాలేదా? ఆయన్ని ఎవరూ అడగరు.

ఆ పేజీన్నర ఒక్క లైనుగా కుంచించుకుపోవడాన్నే నిపుణులు బర్నవుట్‌లో, అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల ఆరిపోవడంలో, భాగంగా చూస్తారు. ఈ మాటకు శాస్త్ర చర్చలో చోటు కల్పించినవారు మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, ఆ తర్వాత న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు. అక్కడివాళ్లు ఒక్కొక్కరే ఎలా డీలా పడుతున్నారో కళ్లారా చూశారు, తానూ ఆ స్థితికి వచ్చారు. 1974లో దాని మీద వ్యాసం రాశారు. అంకితభావం ఎక్కువ ఉన్నవాళ్లే ఇందులో ఎక్కువగా చిక్కుకుంటారన్నది ఆయన పరిశీలన. అంటే ముందు కూలబడేది సోమరిపోతు కాదు, మంచి ఉద్యోగి. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. అందులో మూడు కొలతలు: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా చూడలేకపోవడం, తాను సాధిస్తున్నదేమీ లేదనిపించడం. మూడూ బాధాకరమే గానీ రెండోది ప్రమాదకరం. అది వచ్చినరోజు పిల్ల పేరు పోయి కేసు నంబరు మిగులుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బుగా చూపలేదు. పనికి సంబంధించిన పరిణామంగా పెట్టింది. పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడం వల్ల వచ్చేదని నిర్వచించింది. జబ్బు మనిషిది కాదు, పనిది. మరి మందు ఎవరికి వేస్తున్నారు?

మధ్యాహ్నం ఒంటిగంటకు ‘ఒత్తిడిని జయిద్దాం’ శిబిరం. హాజరు తప్పనిసరి, సంతకాల రిజిస్టరు కూడా ఉంటుంది. కళ్లు మూసుకోండి, ఊపిరి మెల్లగా పీల్చండి అంటారు వేదిక మీంచి. సైలెంట్‌లో పెట్టిన ఫోను ఒళ్లో అదురుతూనే ఉంటుంది. కళ్లు తెరిచేసరికి ఏడు మిస్డ్ కాల్స్. శిబిరం తినేసిన గంటన్నర పనిని రాత్రి ఇంట్లో పిల్లలు పడుకున్నాక చేసుకోవాలి. మర్నాడు శిబిరం ఫొటోలతో ప్రెస్ నోట్ మా ఆఫీసుకు వస్తుంది. (మేమూ వేశాం, దాచేదేముంది. ఇకపై వేయం.) ఫైళ్లు మాత్రం ఒక్కటి తగ్గదు. ఒత్తిడి పెట్టే చేయీ ఊపిరి పీల్చమని చెప్పే చేయీ ఒక్కటే అయినప్పుడు దాన్ని సంక్షేమం అనరు, బుకాయింపు అంటారు.

పోస్టులు మంజూరు కావాలి, నిధులు కావాలి, గుమ్మంలోకొచ్చిన కేసును కాదనలేం అని యాజమాన్యాలు చెబుతాయి. అందులో కొంత నిజం ఉంది. కానీ పరిమితి పెట్టడం అసాధ్యమన్న మాట మాత్రం చెల్లదు. ఆస్పత్రుల సంగతే చూడండి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే, ఆపరేషను చేయించుకున్నవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు బర్నవుట్‌కు గురయ్యే అవకాశం 23 శాతం పెరిగినట్టు తేలింది. ఒక్క రోగికే. నర్సు అలసట నర్సు సొంత గొడవ కాదని, అది మంచం మీది రోగి ప్రాణానికి ముడిపడి ఉందని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి? కాలిఫోర్నియా 1999లోనే ఒక నర్సుకు ఇంతమందే రోగులని చట్టం చేసి, 2004 నుంచి అమలు చేసింది. అప్పుడూ కుదరదన్నవాళ్లున్నారు. కుదిరింది.

అంతదాకా ఎందుకు, లిఫ్టు ఎక్కండి. ఎంతమంది ఎక్కాలో, ఎన్ని కిలోలో లోపల పలక మీద రాసి ఉంటుంది. ఒకరు ఎక్కువైతే గంట మోగుతుంది, తలుపు పడదు. ఆ ఒకరు దిగాల్సిందే. ‘ఈ ఒక్కసారికి సర్దుకో’ అని లిఫ్టును ఎవరూ బతిమాలరు. పైలట్‌కు డ్యూటీ గంటల పరిమితి ఉంది, దాటితే విమానం కదలదు. దెబ్బలు తిన్న పిల్లలతో, చావు అంచుదాకా వెళ్లొచ్చినవాళ్లతో రోజంతా మాట్లాడే మనిషికి మాత్రం ఏ పలకా లేదు, ఏ గంటా లేదు. ‘సేవాభావం’ అన్న ఒక్క ముక్కతో ఎన్ని మూటలైనా ఎత్తేయొచ్చు. మాకూ రోజూ డెడ్‌లైన్ టెన్షన్ ఉంటుంది. కానీ మేము ఒక వార్త వదిలేస్తే ఎవరి ప్రాణమూ పోదు.

కింది ఉద్యోగిని బలిచ్చి ఫైళ్ల పంపకాన్ని కాపాడుకునే ఈ అలవాటు రివాజుగా మారితే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. మిగిలినవాళ్లు పిల్లలను చూడటం తగ్గించి, తమను కాపాడే కాగితాలు రాసుకోవడం పెంచుతారు. అనుభవం ఉన్నవాళ్లు రాజీనామా చేసి పోతారు. వాళ్ల దగ్గరున్న అతి క్లిష్టమైన కేసులు నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి బల్ల మీద పడతాయి. తనకు ఏం జరిగిందో ఇద్దరికి చెప్పిన పిల్ల, మూడో మనిషికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చెబుతుందా?

అందుకే మా డిమాండ్ సూటిగా ఉంది. ఒక్కొక్కరికి ఇన్ని కేసులే అని అంకె వేసి గోడకు అతికించండి. అది దాటినరోజు కొత్త కేసు ఎవరికి వెళ్లాలో పై అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. ఇకముందు ఏ సస్పెన్షన్ ఉత్తర్వులోనైనా, ఆ రోజుకు ఆ ఉద్యోగి చేతిలో ఉన్న కేసులెన్ని, అవి ఇచ్చిందెవరు అన్న రెండు విషయాలు ఉండాలి. ‘ఇన్ని నావల్ల కాదు, తగ్గించండి’ అని ఆ ఉద్యోగి ముందే ఉత్తరం పెట్టి ఉంటే దాన్నీ, దానికిచ్చిన జవాబునూ జత చేయాలి. జవాబే ఇవ్వకపోతే మొదటి మెమో ఎవరికి వెళ్లాలో చెప్పనక్కర్లేదు.

ఈ మాత్రం చేయడానికి చేతులు రాకపోతే ఇకనుంచి మైకు ముందుకొచ్చి నిర్లక్ష్యం గురించి ఉపన్యాసాలు ఇవ్వకండి. ఊపిరి పీల్చే శిబిరాలు పెట్టక తప్పదనుకుంటే, కనీసం మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టకండి. వాళ్లు భోజనానికి కూర్చునే వేళ అది.