స్థలం మనదే, కానీ కట్టేది ఎంతో జోనింగ్ చెబుతుంది

స్థలం కొన్నాక అందులో ఏం కట్టుకున్నా మన ఇష్టమే అనుకుంటాం. కానీ రిజిస్ట్రేషన్ కాగితం చెప్పేది ఆ స్థలం ఎవరిదో మాత్రమే. అక్కడ ఇల్లు కట్టాలా, గోడౌన్ వేయాలా, ఎన్ని అంతస్తులు లేపొచ్చు అన్నవి తేల్చేది మునిసిపాలిటీ జోనింగ్ నిబంధనలు.

15 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న ప్లాటు తీసుకోండి. మొత్తం 300 చదరపు మీటర్లు. ఫ్లోర్ ఏరియా నిష్పత్తి, అంటే అన్ని అంతస్తులూ కలిపి ప్లాటు వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, 1.5 అయితే 450 చదరపు మీటర్లు కట్టొచ్చు. నాలుగు వైపులా 3 మీటర్ల సెట్‌బ్యాక్, అంటే ప్లాటు హద్దు నుంచి ఖాళీ జాగా, వదిలితే మిగిలేది 9 బై 14, అంటే 126. మూడంతస్తులకు మించకూడదంటే 378 దగ్గరే ఆగిపోతాం. ఒక్కో ఇంటికి రెండు కార్ల పార్కింగ్ తప్పనిసరి అన్నారంటే కింది అంతస్తు కూడా పోయినట్టే. విడివిడిగా చూస్తే ఏ నిబంధనా అన్యాయం అనిపించదు. అన్నీ ఒకే ప్లాటు మీద పడ్డాకే ఎంత పోయిందో తెలుస్తుంది.

ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. 1915లో న్యూయార్క్‌లో పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ వీధి అంచు నుంచి నిట్టనిలువుగా లేచి, చుట్టుపక్కల వాళ్లకు ఎండ తగలకుండా చేసింది. మరుసటి ఏడాదే ఆ నగరం జోనింగ్ చట్టం తెచ్చింది. 1926లో యూక్లిడ్ అనే ఊరి జోనింగ్ మీద వచ్చిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తీర్పు ఇచ్చింది. ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ తన భూమి విలువ పడిపోయిందని వాదించినా ఒప్పుకోలేదు. ఇళ్ల మధ్య ఫ్యాక్టరీ పొగ వద్దనడం న్యాయమే. నా అభ్యంతరం అక్కడ కాదు. అదే తీర్పు విడి ఇళ్ల మధ్య అపార్ట్‌మెంట్‌ను కూడా పరాన్నజీవితో పోల్చింది. పొగను ఆపడానికి వచ్చిన చట్టం, చిన్న ఇల్లు మాత్రమే కొనగలిగే మనుషులను ఆపడానికి కూడా పనికొచ్చింది.

ఇలాగే ఉండాలని ఏమీ లేదు. జపాన్‌లో జోన్ల రకాలను జాతీయ చట్టమే నిర్ణయిస్తుంది, అవి 13. అన్నిటికంటే కఠినమైన నివాస జోన్‌లోనూ చిన్న అపార్ట్‌మెంట్, ఇంటికి ఆనుకుని చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. అమెరికాలోని మినియాపొలిస్ నగరం 2020 నుంచి ఒక్క ఇల్లే ఉండాలన్న చోట్ల మూడిళ్ల వరకూ అనుమతించింది. 2021లో కొత్త కట్టడాలకు తప్పనిసరి పార్కింగ్‌నూ తీసేసింది.

జోన్ మార్పు మీద బహిరంగ విచారణ పెడితే వచ్చి మాట్లాడేది ఆ వీధిలో ఇప్పటికే ఉన్నవాళ్లు. రేపు అక్కడికి రావాలనుకునే కుటుంబానికి నోటీసు అందదు, కుర్చీ ఉండదు. అందుకే నిబంధన రాసేటప్పుడే వాళ్లను లెక్కలోకి తీసుకోవాలి. గాలి, వెలుతురు కోసం సెట్‌బ్యాక్ ఉండనివ్వండి, ఎత్తు పరిమితీ ఉండనివ్వండి. ముందు పార్కింగ్ తప్పనిసరి అన్న ఒక్క షరతు ఎత్తేయండి. మన ప్లాటులో ఆ 126 చదరపు మీటర్లు మళ్లీ మనుషులు ఉండే చోటవుతాయి.