గజేనియాకి ఉప్పు వేయమన్నదెవరు?

ఇవాళ పొద్దున్నే ఒక వీడియో కంటపడింది. నారింజ రంగులో వెలిగిపోతున్న గజేనియా పూలమొక్క కుండీ, పక్కనే చెంచా, ఉప్పు డబ్బా. "ఇది సముద్రం ఒడ్డు మొక్క కదండీ, పదిహేను రోజులకోసారి లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి పోయండి, పూలు విరగబూస్తాయి" అని తీయగా చెప్తున్నారు. కింద "థాంక్యూ అండీ, రేపే పోస్తాం" అని వరసగా జవాబులు. పొద్దుట్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

చెంచాడు ఉప్పంటే ఐదారు గ్రాములు. లీటరు సముద్రపు నీళ్లలో ఉండేది దాదాపు 35 గ్రాములు. అంటే ఆరో వంతు సముద్రాన్ని తెచ్చి పది అంగుళాల కుండీలో పోయమంటున్నారు. దక్షిణాఫ్రికా తీరంలో ఈ మొక్క ఉప్పుని కోరుకోదు, ఓర్చుకుంటుంది. అంతే. అక్కడ గాలికి ఎగిరొచ్చిన తుంపర ఆకుల మీద పడుతుంది, వానొస్తే కడుక్కుపోతుంది, కింద ఉన్నది ఇసుక కాబట్టి ఉప్పు వేరు దగ్గర నిలవకుండా జారిపోతుంది. మన డాబా మీద కుండీలో అదెక్కడికి పోవాలి? ఎర్రమట్టిలో బంక ఉంటుంది. దానికి సోడియం పట్టిందా, మట్టి గుల్లదనం పోయి ముద్దవుతుంది, ఎండితే పైన పెచ్చు కడుతుంది. నీరు దిగదు, వేరుకి గాలాడదు. ముందు ఆకు అంచులు మాడతాయి. అది చూసి "పాపం, నీళ్లు చాల్లేదు" అని ఇంకో చెంబు. పైగా మన హైదరాబాదులో చాలా ఇళ్లలో మొక్కలకి పోసేది బోరు నీళ్లే. మట్టి కుండీ బయట తెల్లగా తేలే పొడి చూడలేదా? ఆ నీళ్లలో లవణాలు ముందే ఉన్నాయి, కొత్తగా మనం కలపక్కర్లేదు.

ఇప్పటికే పోసినవాళ్లు ఇవాళే ఈ పని చేయండి. పది అంగుళాల కుండీలో ఏడెనిమిది లీటర్ల మట్టి పడుతుంది. దానికి రెండింతలు, అంటే పదిహేను లీటర్లు, మంజీరా కుళాయి నీళ్లుగానీ పట్టి ఉంచిన వాన నీళ్లుగానీ కొంచెం కొంచెంగా పోస్తూ అడుగు నుంచి కారిపోనివ్వండి. బోరు నీళ్లతో చేస్తే అంత లాభం ఉండదు. తర్వాత పై రెండంగుళాలు పొడిబారేదాకా చుక్క పోయొద్దు.

నర్సరీలవాళ్ల మీద కోపం ఇంకోటి. డిసెంబరులో పెటూనియా, బంతి పక్కన పెట్టి "సీజనల్ సార్, మార్చి దాకా వస్తది" అని అమ్ముతారు. గజేనియా బహువార్షికం. ఏళ్ల తరబడి ఉండాల్సిన మొక్క. మార్చికి చస్తోందంటే అది దాని ఆయుష్షు కాదు, మీ కవర్లో కూరిన కొబ్బరి పొట్టు (కోకోపీట్) పుణ్యం. ఆ ముద్దని అలాగే కుండీలో దించితే చుట్టూ మట్టి ఆరినా నడిమిన అది నానుతూనే ఉంటుంది. కాబట్టి నాటేముందు వేర్ల చుట్టూ ఉన్న పొట్టుని చేతివేళ్లతో మెల్లగా విదిలించండి, మూడొంతుల దాకా రాలిపోవాలి.

మట్టి కలపడం కూడా చెప్తా, ఎందుకంటే అందరూ సగం వర్మీకంపోస్టు, సగం కోకోపీట్ అని ఒకటే పాట పాడుతున్నారు. ఎర్రమట్టి రెండు వంతులు, రోబో శాండ్ (రాయిని మరపట్టిన ఇసుక) ఒకటిన్నర వంతు, బేబీ చిప్స్ (సన్న కంకర) అర వంతు, బాగా మాగిన పశువుల ఎరువు అర వంతుకి మించకూడదు. రోబో శాండ్‌ని బకెట్లో వేసి రెండుసార్లు కడగండి, లేకపోతే అందులోని బూడిదలాంటి దుమ్ము చిల్లు దగ్గర చేరి సిమెంటులా గడ్డకడుతుంది. బలం ఎక్కువైతే గజేనియా ఆకులే పెంచుతుంది, మొగ్గ వేయదు. ఆకులన్నీ పుట్టుకొచ్చే మొదలు మట్టి కంటే అరంగుళం పైకి ఉండాలి, దాని చుట్టూ చిప్స్ పరవాలి. ఎండుటాకులు, కొబ్బరి పీచు కప్పొద్దు, తేమని తెచ్చి మెడకి చుట్టినట్టే. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ పది అంగుళాలు.

అన్నిటికంటే బాధ కలిగించేది సాయంత్రం నీళ్లు. గజేనియా పువ్వు ఎండ తగ్గితే ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. అది దాని స్వభావం. ఆఫీసు నుంచి ఆరున్నరకి వచ్చి ముడుచుకున్న పువ్వు చూసి "అయ్యో వాడిపోయింది" అని రోజూ నీళ్లు పోస్తారు! రాత్రంతా ఆకుల మధ్య తడి నిలిచి వారంలో మొదలు కుళ్లుతుంది. బాల్కనీ ఉత్తరం వైపుంటే దీన్ని కొనకండి, దయచేసి. ఆరు గంటల ఎండ తగలని చోట ఆ పువ్వు సరిగ్గా విచ్చుకోదు. ఆకు తిప్పి చూడండి, చాలా రకాల్లో అడుగున తెల్లటి నూగు ఉంటుంది. ఆ నూగు ఉన్నదే తేమ ఎగిరిపోకుండా కాపాడుకోవడానికి. అలాంటి మొక్కకి రోజూ నీళ్లెందుకు? చలికాలంలో మూడు నాలుగు రోజులకోసారి చాలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం కుండీ మొక్కకి రోజు విడిచి రోజు, తెల్లవారుజామున.

దీన్ని హైదరాబాదులో చంపేది ఎండాకాలం కాదు, వానాకాలం. మృగశిర కార్తె రాకముందే కింద ఎండిన ఆకులన్నీ లాగేసి, గుబురుని మూడో వంతు పలచన చేసి, కుండీని ఇటుకల మీదకెత్తి, వెలుతురు వచ్చే ప్లాస్టిక్ రేకు కిందకి మార్చండి. ఆకు మొదట్లో తెల్ల పిండినల్లి దాక్కుంటుంది, అప్పుడే కనిపెట్టాలి. లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు, సాయంత్రం కాకుండా ఉదయం కొట్టండి.

పేరు కూడా "గజానియా" అని బోర్డు రాస్తారు. ఏనుగుకీ దీనికీ సంబంధం లేదు, 15వ శతాబ్దంలో, ప్రాచీన గ్రీకు తత్వవేత్త థియోఫ్రాస్టస్ వృక్ష గ్రంథాలని లాటిన్‌లోకి తెచ్చిన గ్రీకు పండితుడు థియోడోర్ గాజా పేరు అది.

అసలు "తీరప్రాంతపు మొక్క, నీళ్లక్కర్లేదు" అనే మాట వింటేనే భయమేస్తుంది. కోనోకార్పస్‌ని ఈ ఊరికి తగిలించింది ఆ మాటే కదా! అదీ తీరపు చెట్టే. డివైడర్ల మీద, గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల వెంట పచ్చటి గోడలా వరసలు వరసలు నాటారు. వేళ్లు పైపుల్లోకి పోతున్నాయని ఇప్పుడు తలలు పట్టుకుంటున్నారు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. మనం మాత్రం ఒక చెట్టు ఎక్కడిది, అక్కడ నేల ఏమిటి, దాన్ని అక్కడ అదుపులో పెట్టేది ఏమిటి అని ఒక్కసారీ అడగం. పచ్చగా ఉందా, చాలు. గజేనియా కూడా దక్షిణ ఆస్ట్రేలియాలో తోటల్లోంచి ఇసుక దిబ్బల మీదకి పాకి కలుపు మొక్కగా ప్రకటించేదాకా వెళ్లింది. అందుకే ఎండిన పువ్వుని కాడతో సహా మొదట్లోనే తుంచేయండి. మొక్కకీ మంచిది, విత్తు గాలికెగరదు.

కొత్త మొక్కలు కావాలంటే అక్టోబరులో పక్క పిలకని మొదలు ముక్కతో సహా మూడంగుళాలు విరిచి, కింది ఆకులు తీసేసి, కడిగిన ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. విత్తనమైతే మూడు మిల్లీమీటర్ల లోతులో వేసి మట్టి కప్పాలి, చీకట్లోనే బాగా మొలుస్తుంది. రెండు వారాల్లో మొలక, మూడు నెలలకి పువ్వు. ఉప్పుతో పనే లేదు.