రామన్ వెలుగు మిర్చి యార్డు దాకా రావాలి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, విరిచి, తేమ అంచనా వేసి కొనేవాళ్లు ధర చెబుతారు. కంటికి, చేతికి తెలిసేది అంతవరకే. కాయ మీద మిగిలిన పురుగుమందు కనపడదు. కారం పట్టాక కలిపిన రంగు అసలే కనపడదు. అవి బయటపడేది సరుకు చేతులు మారాక, ల్యాబ్ రిపోర్టు వచ్చాక. విడిగా పరిమితి పెట్టని పురుగుమందు ఏదైనా కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఐరోపా సమాఖ్య అంటుంది. అంటే పది కోట్ల వంతుల్లో ఒక వంతు.

2003లో మన దేశం నుంచి ఐరోపా వెళ్లిన కారంలో సుడాన్-1 అనే రంగు దొరికింది. బూట్ పాలిష్, మైనం లాంటి వాటికి వేసే రంగు అది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగున్న కారం ఒక సాస్‌లో కలిసిందని తేలి, ఆ సాస్ వాడిన వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. ఆ కల్తీ చేసింది రైతు కాదు. అయినా సరుకు పేరు చెడితే ధర పడేది అతని టిక్కీకే.

ఈ కనపడనివాటిని అక్కడికక్కడే పట్టగల విద్య ఒకటుంది. దాని పుట్టుక మన దగ్గరే. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో దాని మూలాన్ని గుర్తించారు. దాన్నే రామన్ ఎఫెక్ట్ అంటారు. పదార్థం మీద పడి చెదిరే కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఎంత అన్నది అణువు ఎలా కంపిస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ అణువు కంపనాలు దానివే కాబట్టి అది వేలిముద్ర లాంటిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు.

చిక్కల్లా ఆ కాంతి మరీ బలహీనం కావడమే. సుమారు కోటి కాంతి కణాలు చెదిరితే ఒక్కటి అలా మారి వస్తుంది. పది కోట్లలో ఒక వంతు ఉన్న మందును దానితో పట్టడం కుదరని పని. దారి 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో దొరికింది. ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే రసాయనపు అణువుల రామన్ సంకేతాన్ని చూశారు. ఊహించనంత గట్టిగా వచ్చింది. గరుకు వల్ల వైశాల్యం పెరిగి ఎక్కువ అణువులు అంటుకున్నాయని వాళ్లు అనుకున్నారు. మూడేళ్ల తర్వాత అమెరికాలో, బ్రిటన్‌లో వేర్వేరు బృందాలు లెక్క వేస్తే ఆ కారణం సరిపోలేదు. ఒక్కో అణువు సంకేతమే లక్ష రెట్లకు పైగా పెరిగింది. అసలు సంగతి వెండి లోపల ఉంది. నానో కొలతల వెండి, బంగారు రేణువుల మీద కాంతి పడితే వాటిలోని ఎలక్ట్రాన్లు అన్నీ కలిసి ఒకే లయలో ఊగుతాయి. రెండు రేణువుల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందులో ఆ కాంతి అంతా కుక్కినట్టు చేరుతుంది. ఆ సందులో చిక్కిన అణువు గట్టిగా పలుకుతుంది. 1997 నాటికి ఒకే ఒక్క అణువును కూడా ఇలా చూడగలిగారు.

2010లో చైనాలోని షియామెన్ శాస్త్రవేత్తలు పలచని సిలికా పొర తొడిగిన బంగారు నానో కణాలను నారింజ తొక్క మీద పరిచి పురుగుమందు అవశేషాన్ని పట్టి చూపించారు. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్లతో నానో నిర్మాణాలు చేసి పేలుడు పదార్థాల ఆనవాళ్లను పట్టే పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. ఇంత జరిగినా యార్డులో ఇంకా కన్ను, చెయ్యే కొలతలు. ఇది మాకు బాధ కలిగిస్తోంది.

కారణం తెలివి చాలకపోవడం కాదు. ఇలాంటి నానో రేణువులు పరిచిన చిన్న పలకలను చిప్‌లు అంటారు. ఒకే తయారీలో వచ్చిన రెండు చిప్‌లు ఒకే నమూనాకు ఒకే జవాబు ఇవ్వకపోవడం. సంకేతంలో ఎక్కువ భాగం కొన్ని సందుల నుంచే వస్తుంది, ఆ సందులు ప్రతి చిప్‌లో ఒకేలా కుదరవు. వెండి గాలికి నల్లబడుతుంది. పైగా మిరపకాయ ఎరుపే సొంత సంకేతం గట్టిగా ఇస్తుంది, దాని కింద పురుగుమందు మాట అణిగిపోతుంది. వీటిని సరిచేయడమంటే వందల చిప్‌లు చేసి, వేల నమూనాలు చూసి, పెద్ద ల్యాబ్‌లో అణువుల బరువును బట్టి వాటిని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ ఫలితంతో ఒక్కొక్కటీ సరిపోల్చడం. విసుగు పుట్టించే పని. దానికి పరిశోధన పత్రం రాదు, పీహెచ్‌డీ రాదు, అందుకే డబ్బూ రాదు. ప్రభుత్వాలు ఖర్చు పెట్టాల్సింది సరిగ్గా ఇక్కడే అని మేం గట్టిగా అంటున్నాం. విశ్వవిద్యాలయాలు, గుంటూరు దగ్గరి లాం ఫారంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఎగుమతిదారులు కలిసి మన మిర్చి రకాలకు, ఇక్కడ వాడే మందులకు సంకేతాల పట్టిక తయారుచేయాలి. దాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలి.

యంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్నదీ ముఖ్యమే. కొనేవాడి చేతిలోనే ఉంటే రైతుకు మరో టెన్షన్. ‘నీ కాయలో మందుంది’ అని చూపించి ధర తెగ్గోస్తే అడిగే దిక్కుండదు. ఇలాంటి పరికరం అనుమానాన్ని చెబుతుంది, తీర్పు చెప్పదు. కాబట్టి అది మార్కెట్ కమిటీ చేతిలో ఉండాలి. పరీక్ష రైతు కళ్ల ముందు జరగాలి, రసీదు ఇవ్వాలి. ల్యాబ్ నిర్ధారించేదాకా ఆ ఫలితాన్ని చూపి ధర తగ్గించకూడదని నిబంధన పెట్టాలి. ముందు పట్టాల్సింది కూడా రైతు కాయను కాదు, కారం మిల్లుల్లో కలిసే రంగును. అక్కడ కలిపేది ఎక్కువ మోతాదులో ఉంటుంది, పట్టడమూ తేలిక.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకుంటున్నాం. యార్డులోకి కొత్త పంట దిగే రోజులూ అవే. వచ్చే ఏడాది ఆ రోజున ఒక్క పరీక్ష బల్లనైనా మిర్చి యార్డు గేటు దగ్గర వేయించమని రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలను కోరుతున్నాం. గుంటూరులో ఒకటి, ఖమ్మంలో ఒకటి.