పాత గాజు బంతుల్ని సబ్బునీళ్లలో ముంచకండి, దండం పెడతా

ఇప్పుడే ఒక వీడియో చూశా, ఒళ్లు మండిపోతోంది. పాత జర్మన్ క్రిస్మస్ గాజు బంతుల్ని సబ్బునీళ్ల గిన్నెలో వేసి స్పాంజితో రుద్దుతున్నారు. గిన్నెలో నీళ్లు ఎర్రగా అయిపోవడం కళ్లకు కనిపిస్తూనే ఉంది. అది మురికి కాదండీ, రంగు!

ఆ రంగు గాజు మీద కాల్చింది కాదు. పైన పూసి ఆరబెట్టింది, అంతే. తడి తగిలితే పొరలుగా లేచిపోతుంది. లోపలి వెండి ఇంకా సున్నితం. సిల్వర్ నైట్రేట్, అమ్మోనియా, చక్కెర కలిసిన ద్రావణాన్ని మెడలోంచి పోసి, వేడినీళ్లలో బంతిని ఆడిస్తే లోపల అద్దంలా పట్టే పొర అది. మెడలోంచి తడి దూరిందంటే మచ్చలు పడతాయి, పొర ఊడుతుంది. మళ్లీ ఎవరూ బాగుచెయ్యలేరు. అద్దాలు తుడిచే స్ప్రేలూ వద్దు, చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది.

మెత్తటి పొడి బ్రష్ చాలు. కింద మడతపెట్టిన తువ్వాలు పరిచి, బంతిని అరచేతిలో పట్టుకుని దుమ్ము దులపండి. రంగు పెచ్చులు లేస్తున్నచోట బ్రష్ కూడా తగలనివ్వకండి. మూత పట్టుకుని ఎత్తకండి. మూత తియ్యాలంటే లోపలికి దిగిన రెండు తీగ కాళ్లనీ దగ్గరికి నొక్కి నిదానంగా పైకి తియ్యాలి. ఊరికే లాగితే మెడ అంచు చిట్లుతుంది. ఈ బంతులకు పేరుపడ్డ జర్మనీ ఊరు లౌషాలో 1867లో గ్యాస్ కర్మాగారం వచ్చాక, ఆ నిలకడైన మంట మీద ఇంత పల్చగా ఊదడం కుదిరింది. ఆ పల్చదనమే దాని అందం, దాని ప్రాణగండం కూడా.

దాచేటప్పుడు న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. యాసిడ్ లేని టిష్యూ కాగితంలో చుట్టి, గదులున్న అట్టపెట్టెలో పెట్టండి. అటక మీద మాత్రం వద్దు, వేడికీ చలికీ రంగు పగుళ్లిస్తుంది.

ఇంకో మాట, ఇది ఎప్పట్నుంచో గుండెల్లో ఉంది. కనిపించిన ప్రతి పాత బంతికీ 'నోటితో ఊదింది' అని చీటీ అంటించేస్తున్నారు. 1939 నుంచి అమెరికాలో కార్నింగ్ అనే గాజు కంపెనీ కరెంటు బల్బుల గాజు ఊదే యంత్రం మీదే బంతులు ఊదింది. షైనీ బ్రైట్ అనే బ్రాండు బంతులు అలా వచ్చినవే. అవీ అందమైనవే, కానీ అబద్ధం ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం కరువై లోపల వెండి లేకుండా, పైన నాలుగు రంగు గీతలతో, అట్ట మూతలతో చేశారు. ఆ బంతుల్ని వెలిసిపోయాయని చెత్తలో పారేస్తున్నారు. కొందరైతే ఆ అట్ట మూత పీకేసి కొత్త మెరుపు రేకు మూత తగిలించి అమ్ముతున్నారు. అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌కి, అంటే ఇంట్లో పాత సామాన్లన్నీ అమ్మే చోట్లకి, వెళ్లే మనవాళ్లు దయచేసి ముందు మూత చూడండి. ఆ కాలపు బంతికి యుద్ధం సంగతి చెప్పేది ఆ అట్టముక్కే. దాన్ని పీకి పారేస్తుంటే ఎలా ఊరుకోమంటారు?