దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల మీద తిరుగుతున్న ఆ మెసేజీ గురించి

ఈ వారంలో ఇది నాలుగోసారి రావడం. మొదట మా బాబాయి పంపాడు, తర్వాత ముగ్గురు స్నేహితులు. "1860లో దొరలు తెలుగువాళ్ళ ప్రతిభ చూసి దక్షిణాఫ్రికాకి పిలిపించుకున్నారు. జీతం, తిండి, భూమి ఇచ్చారు. మనవాళ్ళు ఇష్టపడి వెళ్ళారు, ఇష్టపడే ఉండిపోయారు. డర్బన్‌కి కూరగాయలు తినిపించింది మనమే."

ప్రతిభా? తోటల్లో కూలికి అక్కడి స్థానికులైన జూలూలు రాలేదు. సొంత పొలం, పశువులు ఉన్నవాళ్ళు ఎందుకొస్తారు? అందుకని మద్రాసు నుంచి ట్రూరో ఓడలో 342 మందిని తెచ్చి 1860 నవంబరు 16న నేటాల్ రేవు డర్బన్‌లో దించారు. ఓడ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ. ప్రతిభ రాసే గడి అందులో లేదు.

జీతం మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక్కటి పెంపు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు.

భూమి తిరుగు ప్రయాణం వదులుకున్న కొద్దిమందికే దక్కింది. 1891లో అలా భూమి ఇచ్చే చట్టమూ ఎత్తేశారు.

నాకు ఒళ్ళు మండేది "ఇష్టపడే ఉండిపోయారు" అన్న మాటకి. 1895లో చట్టం తెచ్చారు: ఐదేళ్ళ కూలి ఒప్పందం గడువు తీరాక ఇంటికి పోవాలి, లేదా మళ్ళీ గిర్మిట్ (అదే ఆ కూలి ఒప్పందం) రాయాలి, లేదా ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు. ఐదో ఏట నెల జీతం 14. నాలుగు నెలల కష్టం పన్నుకే చాలదు! 1903లో ఆ పన్ను పిల్లలకీ వేశారు: కొడుక్కి 16 దాటితే, కూతురికి 13 దాటితే. పదమూడేళ్ళ పిల్ల తలమీద పన్ను వేసిన చోట ఇష్టం గురించి మాట్లాడతామా? 1913లో వేలమంది పని మానేసి రోడ్డెక్కాకే, 1914లో ఆ పన్ను రద్దయింది.

కూరగాయల మాట మాత్రం నిజం. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. అందరూ మోసపోయే వెళ్ళారని నేనూ వాదించేవాణ్ణి. అది తప్పు. గడువు తీరి ఊరికొచ్చి, ఇక్కడి కరువూ కులమూ చూసి మళ్ళీ ఓడెక్కినవాళ్ళున్నారు.

బాబాయ్, ఇంకోసారి పంపేముందు ఆ "ఇష్టపడే" అన్న ముక్క తీసేసి పంపు.