ఏసీకి నేలచూపులు

గదికి నాలుగు గోడలుంటాయని ఇల్లు కట్టినవారు చెబుతారు. కాపురం పెట్టిన ఆరు నెలలకు లెక్క చూసుకుంటే ఒక గోడను కిటికీ, రెండో గోడను తలుపూ స్విచ్‌బోర్డూ, మూడో గోడను పైకప్పు దాకా లేచిన బీరువా, నాలుగో గోడను టీవీ శాశ్వత ప్రాతిపదికన ఆక్రమించుకుని ఉంటాయి. ఇటువంటి గదిలోకి వచ్చి, తనకు అటూ ఇటూగా 80 నుంచి 100 సెంటీమీటర్ల వెడల్పు కావాలనీ, పైన గాలి పీల్చుకోవడానికి కొంత ఖాళీ ఉండాలనీ, ఎదురుగా ఏ అడ్డూ పనికిరాదనీ గోడ ఏసీ పేచీ పెడితే, అవి గొంతెమ్మ కోర్కెలు కాక మరేమిటి? బీరువా పై అరలో పదేళ్లుగా తెరవని పెట్టెలను తీసివేస్తే సమస్య తీరుతుందని కొందరు సూచించవచ్చు గానీ, నాగరికులు చర్చించదగిన ప్రతిపాదన కాదది. కాబట్టి ఏసీయే కిందికి దిగాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

దిగడానికి తగిన యంత్రం, అంటే నేల ఏసీ, నిజంగానే ఉంది. సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 70 నుంచి 75 సెంటీమీటర్ల వెడల్పు, జానెడు మందంతో కిటికీ కింది పొట్టి గోడకు ఆనుకుని ఒదిగిపోతుంది. ఏటవాలు పైకప్పు వల్ల పక్క గోడలు నడుము ఎత్తు దాటని గదులకూ, నిలువునా అద్దాలే ఉన్న గదులకూ ఇంతకంటే మేలైన ఏర్పాటు అరుదు. ఈ ఒక్క మాటలో మాత్రం వ్యంగ్యం లేదు. చక్రాల మీద దొర్లుతూ, లావుపాటి గొట్టాన్ని కిటికీలోంచి బయటకు చాపే యంత్రంతో దీనిని కలగాపులగం చేయరాదు. ఇది రాగి గొట్టాలూ, బయట కూర్చునే యూనిట్టూ గల అసలు సిసలు స్ప్లిట్ ఏసీయే.

చల్లగాలి బరువైనది గనుక కిందే ఉండిపోతుందనీ, నేల మీది ఏసీ చీలమండలను మాత్రమే చల్లబరుస్తుందనీ బడిలో భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివినవారు అభ్యంతరం చెబుతారు. యంత్రం తయారు చేసినవారు కూడా అదే బడికి వెళ్లారన్న సంగతి వీరు మరచిపోతారు. చల్లబరిచేటప్పుడు అది గాలిని పై అంచునుంచి ఎగువకు విసురుతుంది. ఆ గాలి లేచి, గదిలో పరచుకుని, తన బరువుతో తానే దిగుతుంది. గది వేడి చేయాల్సి వస్తే, చాలా రకాల్లో కింది ద్వారం కూడా తెరుచుకుని వెచ్చదనం నేల వెంబడి సాగుతుంది. వేడిగాలిని పైకప్పు దగ్గరే దాచిపెట్టుకునే గోడ ఏసీకి ఈ విద్య అంతగా పట్టుబడలేదు.

అసలు చిక్కు భౌతికశాస్త్రంలో కాక, సోఫాలో ఉంది. 1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ క్యారియర్ తన తొలి ఏసీ వ్యవస్థను న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం, గాలిలోని తేమకు కాగితం సాగి రంగులు తప్పుకోకుండా రూపొందించాడు. అంటే ఏసీ సేవలందుకున్న తొలి ప్రాణి కాగితం. అది యంత్రానికి అడ్డంగా సోఫా వేయమని ఎన్నడూ అడగలేదు. మనం అడుగుతాం. యంత్రం ముందు ఖాళీ స్థలం ఉండాలని సూచనల పుస్తకం ఎంత వేడుకున్నా, ఖాళీగా కనిపించే నేలను అలాగే వదిలేయడం మన రక్తంలో లేదు. మొదట ఒక స్టూలు వస్తుంది, తాత్కాలికంగా. ఇస్త్రీ బట్టల దొంతర దాని మీద చేరుతుంది. యంత్రం నెత్తి చదునుగా కనిపించినందుకు తాళంచెవులూ, ఫోను చార్జరూ, ఒక పూలకుండీ అక్కడ కొలువుదీరుతాయి. కిటికీ పరదా సరిగ్గా గాలి వెలువడే చీలిక మీదికి జారుతుంది. అప్పుడు చల్లగాలి పరదాకూ అద్దానికీ మధ్య విహరించి, అద్దాన్ని చల్లబరిచి, తిరిగి యంత్రంలోకే వెళుతుంది. లోపలి సెన్సారు ఆ గాలిని తడిమి చూసి, గది చల్లబడిందని సంతృప్తి చెంది, కంప్రెసరును విశ్రాంతికి పంపుతుంది. గదిలోని మనుషులు చెమటలు తుడుచుకుంటూ మెకానిక్కును పిలిపిస్తే, అతను పరదాను పక్కకు జరిపి రుసుము తీసుకుని వెళతాడు.

ఫిల్టరు విషయంలో జరిగిన అన్యాయం ఇంకా ఘోరమైనది. ఇన్నేళ్లుగా నిచ్చెన లేదన్న ఒక్క కారణంతో గోడ ఏసీ ఫిల్టరు కడగకుండా గౌరవంగా బతికాం. నేల ఏసీకి ధూళీ, వెంట్రుకలూ త్వరగా చేరతాయి. కడగాలంటే పీట వేసుకుని కూర్చుంటే చాలు. సాకు పోయింది. పసిపిల్లల చేతికి అందే ఎత్తులో మీటలు ఉన్నాయి గనుక, చైల్డ్ లాక్ ఉన్నదో లేదో కొనేముందే చూసుకోవడం మంచిది.

ఇక నవ్వులాట కాని అంశం ఒకటి. గదిని చల్లబరచడానికి ఏసీ గొట్టాల్లో తిరిగే గ్యాసుగా ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న ఆర్32 వాయువు గాలికన్నా బరువైనది, కొద్దిగా మండే స్వభావం కలది. లీకైతే కిందనే పేరుకుంటుంది. అందుకే భద్రతా ప్రమాణాల లెక్కలో గోడ యంత్రం బిగించే ఎత్తును 1.8 మీటర్లుగా, నేల యంత్రం బిగించే ఎత్తును 0.6 మీటర్లుగా తీసుకుంటారు. గ్యాసు పరిమాణం ఒక హద్దు దాటితే, నేల యంత్రానికి మరింత విశాలమైన గది ఉండాలంటారు. గది ఇరుకని నేల ఏసీ ఎంచుకున్నవారిని గది పెద్దదిగా ఉందా అని అడగడంలోని చమత్కారాన్ని ప్రమాణాలు రాసినవారు గమనించినట్టు లేదు. చిన్న యంత్రాల్లో గ్యాసు సాధారణంగా ఆ హద్దులోపే ఉంటుంది గానీ, గొట్టాలు పొడవై అదనంగా నింపాల్సి వస్తే ఎంత గ్యాసుకు ఎంత గది కావాలో చెప్పే పట్టిక చూడనిదే పని మొదలుపెట్టనివ్వకండి.

చివరిది నీటి గొట్టం. గోడ ఏసీ నీటికి జారడానికి నిలువెత్తు గోడ ఉంది. నేల ఏసీ నీరు నేలకు బెత్తెడు ఎత్తులోనే బయలుదేరుతుంది. అవతలి బాల్కనీ నేల గది నేలకన్నా ఎత్తుగా ఉంటే ఆ నీరు ఎక్కడికీ పోదు. గోడకు రంధ్రం వేయకముందే ఇది కొలవాలి. వేసిన తరువాత కొలిచేవారికి చిన్న పంపు ఒకటి బిగిస్తారు, అది రాత్రంతా గుటకలు వేస్తుంది. ఆ గుటకలు తలాపున వినిపిస్తాయా, కాళ్ల వైపునా అన్నది మంచం వేసిన చోటును బట్టి ఉంటుంది. మంచం జరపడానికి మాత్రం చోటు లేదు.