కమలా సొహొనీ: ఆ ఏడాది షరతు గురించి

జీవరసాయన శాస్త్రవేత్త కమలా సొహొనీ మీద మీరు రాసిన వ్యాసం చదివాను. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆమెకు మొదట సీటు ఇవ్వలేదని అందులో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికన్నా చెప్పాల్సింది అదే. బొంబాయి యూనివర్సిటీలో డిగ్రీ ఫస్ట్ వచ్చిన విద్యార్థిని. అయినా ఆడపిల్ల అన్న కారణంతో ఆ సంస్థ అప్పటి డైరెక్టర్ సర్ సి.వి. రామన్ కాదన్నారు. ఆమె వెనక్కి తగ్గకుండా నిలదీశాక ఒప్పుకున్నారు, అదీ షరతు మీద. ఏడాదిపాటు రెగ్యులర్ విద్యార్థిగా గుర్తించరు, పని నచ్చితేనే కొనసాగింపు! రామన్ గారి సైన్స్ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఈ విషయంలో ఆయన చేసింది అన్యాయం, అలాగే రాయాలి. మగపిల్లలెవరికీ లేని ఆ పరీక్ష నెత్తిన పెట్టుకుని ఆమె ఎంత టెన్షన్ పడి ఉంటారో!

గురువు శ్రీనివాసయ్య గారి దగ్గర పాలు, పప్పుధాన్యాల్లోని ప్రొటీన్ల మీద పనిచేసి నెగ్గారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో, మొక్కల కణాల్లోనూ శ్వాసక్రియకు తోడ్పడే సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ ఉంటుందని చూపి, 1939లో పీహెచ్‌డీ అందుకున్నారు. తిరిగొచ్చాక నీరా పోషక విలువల మీద చేసిన పరిశోధనను మీరు అసలు ప్రస్తావించలేదు. దయచేసి దాని మీద ఇంకో వ్యాసం రాయండి.